అల్లుడు ఎక్కినాడా?

దేశమంతా జాతీయ జెండాను మూడు రంగుల జెండా అంటుంది. తెలుగువాళ్లు కాస్త ముద్దు చేసి మువ్వన్నెల జెండా అంటారు. తమిళంలో మూవర్ణక్కొడి, కొడి అంటే జెండా. మధ్యలో చక్రం నీలంగా ఉంది కదా, అది నాలుగో రంగు కాదా అని మూడో తరగతిలో నేను అడిగాను. టీచర్ నన్ను బయట నిలబెట్టింది. అప్పటి నుంచి నేను ఆ నీలం సంగతి ఎవరినీ అడగలేదు.

తమిళ దేశంలో ఉన్న రాజపాళయంలో మా వీధిలో మాత్రం జెండాకు ఆ పేర్లేవీ చెల్లవు. మేం దాన్ని అల్లుడు అంటాం.

ఆగస్టు పదిహేను పొద్దున మా వీధిలో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి ఫోన్ పోయినా ప్రశ్న ఒక్కటే: "అల్లుడు ఎక్కినాడా?" ఎక్కినాడంటే మిఠాయి పంచుతున్నారని అర్థం. ఎక్కలేదంటే ప్రసంగాలు ఇంకా నడుస్తున్నాయని అర్థం, ఇంకో కాఫీ తాగి మెల్లగా బయల్దేరవచ్చు. సాయంత్రం మళ్లీ, "అల్లుణ్ణి దించినారా?" జనవరి ఇరవై ఆరుకూ ఇదే వరస. మంసాపురం నుంచి మా వీధికి కోడలుగా వచ్చిన ఒకామె మొదటి జనవరిలో ఈ మాట విని, "ఎవరి అల్లుడు? ఎందుకు ఎక్కినాడు? దించేదానికి మనిషి లేడా?" అని కంగారుపడి గేటు దాకా పరుగెత్తింది. ఇప్పుడు ఆమే అందరికంటే ముందు ఫోన్ చేస్తుంది.

ఈ పేరు ఎట్లా వచ్చిందని ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడాది పట్టించుకున్నారు. దానికి కారణం దేశభక్తి కాదు, స్టీలు.

మా వీధికి ఒక చావిడి ఉంది. ఇళ్లవాళ్లందరికీ ఉమ్మడి సొత్తు. పెద్దలు పంచాయతీకి కూర్చునేదీ, పెండ్లి మాటలు ఖాయం చేసేదీ, చదవని పేపరు మీద తల పెట్టుకుని పడుకునేదీ అక్కడే. దాని ముందు ఉన్న పాత టేకు జెండా స్తంభానికి చెదలు పట్టిందని ఈ ఏడాది తీసేసి, అద్దంలా మెరిసే స్టీలు స్తంభం నిలబెట్టారు. కొత్త స్తంభం పెట్టినప్పుడు పక్కన ఒక రాయి ఉండాలి, రాయి ఉన్నప్పుడు దాని మీద ఏదో రాత ఉండాలి. మా ఊళ్లో ఖాళీ రాయిని చూసి ఊరుకునే అలవాటు ఎవరికీ లేదు.

ఆ రాత విషయంలో నన్ను పిలిచింది చావిడి సెక్రటరీ. మా నాన్నకు వరసకు తమ్ముడు, నాకు చిన్నాయన. హైస్కూల్లో తమిళ వాద్యారుగా పనిచేసి రిటైరైనాడు. వీధిలో అందరికంటే మంచి తమిళం ఆయనది. ఇంట్లో పెండ్లాంతో పోట్లాడేది మాత్రం తెలుగులోనే.

ఆ రోజు నేను పొద్దుటి షిఫ్టు ముగించుకుని వస్తున్నాను. నా పని సర్జికల్ గుడ్డ మిల్లులో. అంగుళానికి ఎన్ని దారాలున్నాయో భూతద్దం పెట్టి లెక్కించాలి. కట్టుగుడ్డలో దారం తగ్గితే ఎక్కడో ఎవరి గాయమో సరిగ్గా మానదట. ఆరు నుంచి రెండు దాకా లెక్కపెట్టి బయటికొస్తే లోకమంతా అడ్డదారాలు, నిలువుదారాలుగా కనిపిస్తుంది. ఆ కళ్లకు చావిడి తిన్నె మీద చిన్నాయన కూడా కొంచెం పలచగా నేసినట్టే కనిపించాడు.

"ఏరా, గుంటూరులో రెండేండ్లు కొట్టుకున్నావు గదా. తెలుగు రాసేదానికి వస్తుంది గదా నీకు?"

వస్తుంది. మా వీధిలో అందరం తెలుగు మాట్లాడతాం, ఎవరికీ చదవను రాదు. నాయక రాజుల కాలంలో ఇటు వచ్చినప్పుడు మావాళ్లు భాషను తెచ్చుకున్నారు, అక్షరాలు బరువనుకున్నారేమో అక్కడే వదిలేశారు. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. నేను మాత్రం పత్తి కొనేవాళ్ల వెంట సంచి మోస్తూ గుంటూరు జిన్నింగు మిల్లుల మధ్య రెండేళ్లు తిరిగాను. ఏ బస్సు ఎటు పోతుందో తెలియక మూడుసార్లు తప్పిపోయాక, ఆకలీ భయమూ కలిసి నాకు అక్షరాలు నేర్పాయి.

"వస్తుంది చిన్నాయనా. ఏం రాయాల?"

"కల్వెట్టు. రాతి మీద చెక్కేది. పైన తమిళం, కింద మన తెలుగు. కొడికి అల్లుడని పేరు ఎందుకు వచ్చింది అనేది నాలుగు వరుసలు. తమిళం నేను రాసినాను."

చదివి వినిపించాడు. ఇంటికి వచ్చిన అల్లుడికి ఏ విధంగా మర్యాద చేస్తామో అదే విధంగా దేశపు జెండాకు మర్యాద చేయాలని నాటి చావిడి పెద్ద సెలవిచ్చారనీ, అందువల్ల ఆ పేరు స్థిరపడిందనీ సారాంశం. గంభీరంగా ఉంది. చెవికి ఇస్త్రీ చేసినట్టుంది.

"అప్పటి పెద్దనా? ఆయన అల్లుడితో మాట్లాడకుండానే పదేండ్లు ఉన్నాడు గదా?"

"కల్వెట్టులో అదంతా రాయరురా."

"ఆయన నిజంగా చెప్పినాడా ఈ మాట?"

"చెప్పి ఉంటాడు. చెప్పలేదని చెప్పేదానికి ఆయన లేడు." చిన్నాయన కాగితం మడిచాడు. "నువ్వు దీన్ని తెలుగులోకి దింపు, చాలు."

నాకు ఆకలిగా ఉంది. సరేనన్నాను. నా జీవితంలో ముఖ్యమైన ఒప్పందాలన్నీ ఆకలి మీదే జరిగాయి.

ఇంట్లో అత్త ఉంది. మా నాన్నకు అక్క. మూడిళ్ల అవతల ఉంటుంది, కానీ మామ పోయినప్పటి నుంచి మధ్యాహ్నాలు మా ఇంటి వరండాలోనే. నేను అన్నం తింటూ రాయి సంగతి చెప్పాను. ఊరికే, మాటల్లో మాటగా. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆగింది.

"మీ మామ సంగతి ఉండాదా దాంట్లో?"

"లేదత్తా. పేర్లేవీ లేవు."

"పేరు ఎవరికి గావాల? సేత్తూరు నుంచి వచ్చిన అల్లుడు అని రాస్తే చాలు. అది కూడా లేదా?"

"లేదు."

ఆమె మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది, కానీ కాయలు ఒకవైపు, తొడిమలు ఒకవైపు వేయడం మరిచిపోయింది. అన్నీ ఒకే చాటలో పడుతున్నాయి. నేను చూడనట్టు పెరుగు వేసుకున్నాను.

మామ గురించి చెప్పాలి. సేత్తూరులో ఆయనకు రెండెకరాలూ ఒక బావీ ఉండేవి. బావి ఎండిపోయాక రాజపాళయం వచ్చేశారు. వచ్చాక కోళ్లు పెంచాడు, కోళ్లు పోయాయి. షేర్ ఆటో నడిపాడు, తెలిసినవాళ్లే ఎక్కేవారు. మా ఊరి పేరున్న తెల్ల కుక్కల్ని పెంచి అమ్ముదామని పూనుకున్నాడు. మొదటి పిల్లకే చెవుడు. పిలిస్తే రాదు, తరిమితే పోదు. "మర్యాద తెలిసిన కుక్క, మాటకు ఎదురు చెప్పదు" అని దాన్ని పన్నెండేళ్లు సాకాడు. నష్టపోయిన మనిషి ఎవరి మీదైనా విసుక్కుంటాడు కదా, ఆయన అదీ చేయలేదు. ఆ విషయంలో కూడా ఆయనకు చేతకాదని వీధిలో పేరు.

పోయిన పంగుని నెలలో, అంటే మార్చి చివర, చనిపోయాడు. చావింట్లో కూర్చున్నవాళ్లు పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ రోజు అందరూ చాలాసేపు కాఫీ తాగారు. చివరికి ఒకాయన, "ఎవరికీ చెడుపు చేయలేదు పాపం" అన్నాడు. పెరుగన్నం గురించి కూడా మేం అదే మాట అంటాం. అత్త గోడకు ఆనుకుని అన్నీ విన్నది.

కాబట్టి ఆమెకు ఏం కావాలో నాకు అర్థమైంది. ఆ మనిషి గురించి ఈ వీధి ఒక్క మాట ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. అది ఆయన నిజంగా చేసిందే అయి ఉండాలి.

"సరే, చెప్పు. ఏం జరిగింది ఆ రోజు?" అన్నాను. వందసార్లు విన్న కథే. ఈసారి చెయ్యి కడుక్కుని విన్నాను.

తెలుగు దేశంలో కొత్త పెళ్లికూతురిని ఆషాఢంలో పుట్టింటికి తెచ్చుకుంటారు, అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. మాకూ అంతే, కాకపోతే మేం పాటించే నెల తమిళుల ఆడి నెల. అది ఆగస్టు పదహారో తేదీ దాకా సాగుతుంది. అంటే మా కొత్త అల్లుళ్లకు స్వాతంత్ర్యం దేశం కంటే రెండు రోజులు ఆలస్యం.

నలభై ఏళ్ల కిందట వైకాశి నెలలో పెళ్లయి, ఆడి ఒకటో తేదీన పుట్టింటికి వచ్చింది అత్త. ఆగస్టు పదిహేనున మామ సేత్తూరులో బస్సెక్కి వచ్చేశాడు.

"రెండు దినాలు ఆగలేకపోయినాడా?"

"ఆగినాడు. ముప్పై దినాలు ఆగినాడు."

అత్తగారింట్లోకి రాకూడదు. కానీ చావిడి ఎవరి అత్తగారిల్లూ కాదు, జెండా వందనానికి ఎవరైనా రావచ్చు. ఉతికిన వేష్టి కట్టుకుని, చొక్కా జేబు మీద జెండా గుచ్చుకుని, దేశం కోసమే వచ్చినట్టు గుంపు వెనక నిలబడ్డాడు. వీధి వీధంతా నవ్వుకుంది. లోపల అత్త తల్లికి, అంటే మా అవ్వకు, తలకొట్టేసినట్టయింది. ఆడిలో అల్లుడు వచ్చినాడంటే ఎవరు పిలిచినట్టు? తలుపు సగం మూసుకుని వంటింట్లో కూర్చుంది. అత్త మాత్రం మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టే పని ఉన్నట్టు గుర్తు తెచ్చుకుంది.

చావిడి పెద్ద తాడు లాగాడు. జెండా విచ్చుకోలేదు. మళ్లీ లాగాడు. పైన మూట కట్టినట్టు ముద్దగా అట్లాగే ఉంది. ఆడి గాలికి రుబ్బురాయి కూడా ఎగురుతుందని సామెత, ఆ గాలికి కూడా ముడి వదల్లేదు. కింద జనమంతా నుదుటికి చెయ్యి ఆనించుకుని నిలబడి ఉన్నారు. దించితే అమర్యాద, దించకపోతే భుజం నొప్పి. పది నిమిషాలు గడిచాయి. అప్పుడు గుంపు వెనక నుంచి మామ వచ్చాడు. వేష్టి ఎగ్గట్టి, చెప్పులు వదిలి, ఎవరినీ అడగకుండా టేకు స్తంభం ఎక్కాడు. పైన ముడి విప్పాడు. గులాబీ రేకులు కింద ఉన్నవాళ్ల మీద కాకుండా గాలికి పక్క వీధి మీద పడ్డాయి.

"అప్పుడు మిద్దె తట్టు చూసినాడు."

"ఎంతసేపు?"

"దిగు దిగు అని కేకలు వేసే దాకా."

వంటింట్లోంచి అవ్వ అడిగింది: "ఏమాయ? కొడి ఎక్కిందా?" పక్కింటామె గోడ మీదుగా అరిచింది: "కొడి సంగతి తరువాత, నీ అల్లుడు ఎక్కినాడు!" మరుసటి ఏడు జెండా నాటికి ఎవరో ఆకతాయి మా ఇంటి ముందు నిలబడి, "ఏం పెద్దమ్మా, ఈసారి అల్లుడు ఎక్కినాడా?" అన్నాడు. ఆ పైఏడు అందరూ అన్నారు. ఎగతాళి పదేళ్లకు వాడుక అయింది. ఇప్పటి పిల్లలకు అదే జెండా పేరు.

మరునాడు ఇదంతా చిన్నాయనకు చెప్పాను. ఆయన ముక్కు మీద కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"సాక్షి ఎవరు?"

"అత్త చూసింది గదా."

"పెండ్లాము సాక్ష్యం చెల్లదురా. ఇంకెవరైనా ఉంటే పిలుచుకురా."

చావిడి వెనక గదిలో ఒక తాత ఉంటాడు. కాపలా, ఊడ్చేది, జెండా మడతపెట్టి కట్టేది అన్నీ ఆయనే. ఎనభై దాటాయి. ఇప్పుడు కళ్లు సరిగా కనిపించకపోయినా జెండా మాత్రం చేత్తో తడుముకుంటూనే మడుస్తాడు. నేను వెళ్లేసరికి రాగిజావ తాగుతున్నాడు.

"తాతా, మా మామ స్తంభం ఎక్కిన దినం జ్ఞాపకం ఉండాదా?"

తాత నవ్వబోయేసరికి జావ పొలమారింది. వీపు నిమిరాను.

"ఎట్లా మరుస్తాను? ఆ ముడి వేసిందే ఆయన గదా!"

నేను నిమరడం ఆపాను.

ఆ రోజు మామ ఆరున్నరకే బస్సు దిగాడట. అత్తగారింటికి పోలేడు, జెండాకు ఇంకా గంటన్నర ఉంది. చావిడి తిన్నె మీద కూర్చున్నాడు. తాతకు అప్పుడు బొటనవేలికి గోరుచుట్టు. రేకులు పోసి జెండా మడిచాడు కానీ ముడి వేయడానికి వేలు సహకరించలేదు. "కొత్త అల్లుడా, ఊరికే కూర్చున్నావు, ఇట్లా వచ్చి ఒక ముడి వేసిపో" అన్నాడు. జెండాకు వేసే ముడి ఒక్క గుంజుకే జారిపోవాలి. సేత్తూరు రైతుకు తెలిసిన ముడి ఒక్కటే, దూడను కట్టేది. ఎంత గుంజితే అంత బిగుస్తుంది.

"చెప్పినానురా, జారుముడి వెయ్యమని. వేసినాను మామా, వేసినాను మామా అన్నాడు. ఎట్లా వేసినాడో పైకి పోయినాక తెలిసింది."

"మరి ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదు. అదీగాక కొడి కట్టేది నా పని. ముడి వేరేవాడు వేసినాడంటే నా మానం ఏమయ్యేది?"

వందనం చేస్తూ వీధంతా పది నిమిషాలు నిలబడిపోయింది మా మామ వల్ల. విప్పి గండం గట్టెక్కించిందీ మా మామే. తానే తవ్విన గుంటలోంచి తానే లేచి బట్టలు దులుపుకున్న మనిషికి రాయి చెక్కమని నేను వాదించాలి. ఆ సాయంత్రం బండి రిపేరులో ఉండి ఎక్కిన టౌన్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా నాకు సంతోషం కలగలేదు. అంత అలసిపోయాను.

మూడు రోజులు నేను అత్త కంట పడకుండా తిరిగాను. మూడిళ్ల దూరంలో ఉన్న మనిషి కంట పడకుండా తిరగడం మిల్లు పనికంటే కష్టం. చిన్నాయనకూ ఏమీ చెప్పలేదు. ఈ సంగతి ఆయన చెవిన పడితే, మామ పేరు మాట దేవుడెరుగు, పాత తప్పుకు క్షమాపణ కూడా రాతి మీద చెక్కిస్తాడు.

నాలుగో రోజు అత్తే దొరకబుచ్చుకుంది. నేను బండి స్టాండు వేస్తుండగా గేటు పట్టుకుని నిలబడింది.

"తాతను అడిగినావంట. ఏం చెప్పినాడు?"

"చెప్పినాడు... ఎక్కింది నిజమేనన్నాడు."

"అంతేనా?"

"గాలి ఎక్కువన్నాడు."

"రేయ్, నా మొగం చూసి చెప్పు. ముడి ఆయనే వేసినాడని చెప్పినాడా లేదా?"

నేను బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.

"నీకు తెలుసునా అత్తా?"

"నలభై ఏండ్లు కాపురం చేసినాను, ఆయన ముడి నాకు తెలియదా? మిద్దె మీది నుంచే తెలిసింది. ఆ గాలికి విడని ముడి ఇంకెవరు వేస్తారు?" ఆమె కొంగుతో గేటు తుడిచింది. గేటు శుభ్రంగానే ఉంది. "బియ్యం మూట, తోట నుంచి తెచ్చే టిఫిను గుడ్డ, కుక్క మెడ తాడు, ఆఖరుకు ఆస్పత్రికి తీసుకుపోయిన బట్టల సంచి. ఏది కట్టినా అదే ముడి. నేను గోళ్లతో విప్పేది, రాకపోతే పండ్లతో విప్పేది. ఈ ముందరి పన్ను కదిలింది బియ్యం మూటకేరా."

చూపించింది. నిజంగానే కదులుతోంది.

పెళ్లిలో వేసే మూడు ముళ్ల గురించి ఇక్కడ ఎవరైనా ఒక మంచి మాట చెప్పి కళ్లు తుడుచుకోవచ్చు. నేను చెప్పదలుచుకోలేదు. షిఫ్టు ముగించి వచ్చాను, నాకు కాళ్లు నొప్పి.

"మరి ఇంకేం రాయమంటావత్తా? తప్పు ఆయనదే గదా."

"ఆయన వేసిన ముడి ఆయనే విప్పుకున్నది ఆ ఒక్క దినమేరా," అంది అత్త. "అది రాయి."

మర్నాడు చిన్నాయన దగ్గరికి వెళ్లి, ముడి సంగతి దాచి, మిగతాదైనా రాయమని అడిగాను. సాక్షిగా తాత ఉన్నాడనీ చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. వాద్యార్లు శాంతంగా విన్నారంటే మార్కులు రావని అర్థం.

"ఆడిలో అత్తగారి వీధికి వచ్చినాడు, అది ఒకటి. పెద్దలను అడగకుండా ముందరికి వచ్చినాడు, అది రెండు. వేష్టి ఎగ్గట్టి దేశపు కొడి స్తంభం ఎక్కినాడు, అది మూడు. దీన్ని నేను రాతి మీద రాసి పెడితే రేపు పిల్లలు ఏం నేర్చుకుంటారు?"

"ఎక్కేది నేర్చుకుంటారు. స్టీలు స్తంభం గదా, జారి పడతారులే."

"నీకు అన్నీ ఎగతాళి. మీ మామ మంచివాడే, నేను కాదనలేదు. ఆయన ఎవరికీ చెడుపు చేయలేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నాలుగు వరుసలు, రేపటికి ఇచ్చేయి. కల్లు చెక్కేవాడు అడుగుతున్నాడు," అన్నాడాయన. కల్లంటే మా వీధిలో రాయి, తాగేది కాదు.

మరునాడు ఇచ్చాను. నాలుగు వరుసలే. చిన్నాయన కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. తన తమిళం పక్కన పెట్టి వరుసలు లెక్కపెట్టాడు. అక్కడ నాలుగు, ఇక్కడ నాలుగు.

"అక్షరాలు గుండ్రంగా బాగుండాయి. సరిగ్గా ఉండాది," అన్నాడు.

చదివి చెప్పమని అడిగితే చెప్పేవాణ్ణి. ప్రమాణంగా చెప్పేవాణ్ణి. నేను అంత ధైర్యవంతుణ్ణి కాను, అబద్ధం నా ముఖంలో నిలవదు. ఆయన అడగలేదు. తమిళంలో ఒక చుక్క తప్పిందని కల్లు చెక్కేవాణ్ణి రెండుసార్లు వెనక్కి పంపిన మనిషి, మా సొంత భాషలో నాలుగు వరుసల మీద చూపుడువేలు ఒకసారి తిప్పి సంతకం పెట్టాడు. చావిడి కమిటీలో మిగతా ఆరుగురూ ఆ సంతకం కింద పెట్టారు. కల్లు చెక్కేవాడు తమిళుడు, బొమ్మ గీసినట్టు అచ్చు ఎత్తుకుని చెక్కాడు. ఒక్క తప్పు లేదు.

ఆగస్టు పదిహేను వచ్చింది. రాతి మీద పసుపు గుడ్డ కప్పారు. చిన్నాయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ తరువాత ఇప్పటి చావిడి పెద్ద తాడు లాగాడు. తాత వేసిన జారుముడి ఒక్క గుంజుకే విడిపోయింది. ఎంత సుళువుగా విడిపోయిందంటే, సగం మంది చూడనే లేదు. "ఏం, ఎక్కినాడా?" అని వెనకవాళ్లు ముందువాళ్లను అడిగారు. రేకులు అలవాటు ప్రకారం పక్క వీధికి పోయాయి. గుడ్డ తీశారు. అందరూ పైన తమిళం చదివి, కింద తెలుగును చూసి తల ఊపారు. మంసాపురం కోడలు రాయి పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. చిన్నాయన నా భుజం తట్టాడు. నాకు చెమటలు పట్టాయి. ఎండ అనుకున్నాడు.

ఇంతవరకు ఆయనకు తెలియదు. ఇది కూడా తెలుగులోనే రాస్తున్నాను కాబట్టి ఇకముందు తెలిసే ప్రమాదం కూడా తక్కువే.

అత్త ఆ గుంపులో లేదు. మామ పోయి ఏడాది కాలేదు కాబట్టి నలుగురు కూడే చోటికి ఆమె రాదు. పదకొండున్నరకు, మిఠాయి కాగితాలు తప్ప ఎవరూ మిగలని వేళ, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. పైన జెండా పటపటమని కొట్టుకుంటోంది. ఆమె ముందు దాన్ని చూసింది, తరువాత స్తంభాన్ని నిమిరి చూసింది.

"నున్నగా ఉండాది. దీన్ని ఎవరూ ఎక్కలేరు."

"ఎవరూ ఎక్కాల్సిన పని లేదత్తా."

"చదువు."

చదివాను.

"ఆడి నెలలో రాకూడని అల్లుడొకడు సేత్తూరు నుంచి ఈ చావిడికి వచ్చినాడు. కొడికి ఆయన వేసిన ముడి విడలేదు. ఆయనే స్తంభమెక్కి తన ముడి తానే విప్పినాడు. ఆ దినం నుంచి ఈ వీధిలో కొడికి అల్లుడని పేరు."

గుంటూరులో చూసిన తెలుగులో రాద్దామనే కూర్చున్నాను. వచ్చాడు, విప్పాడు అని రాసుకుని చూస్తే అది ఎవరో వేరే మామలాగా అనిపించింది. కొట్టేసి మా మాటలోనే రాశాను.

"ఇంకొకసారి," అంది.

ఇంకోసారి చదివాను. ఈసారి ఆమె పెదవులు కూడా కదిలాయి. తరువాత వంగి రాయి దగ్గరగా చూసింది.

"దీంట్లో ఆయన ఏది?"

మొదటి వరుసలో 'అల్లుడొకడు' అన్న మాట చూపించాను. ఆమె దాని మీద వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా తీసుకుపోబోయింది. సగంలోనే చెయ్యి లాక్కుంది. నల్ల రాయి, నడినెత్తిన ఎండ.

"కాలుతుంది," అంటూ వేలు ఊదుకుంది. ఆ వేలుతోనే రాయిని చూపిస్తూ, "దీన్ని చదివేవాళ్లు ఎవరైనా వస్తారా ఈ తట్టు?" అని అడిగింది.

ఆలోచించాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"గుంటూరు నుంచి మిల్లుకు పత్తి లారీలు వస్తాయి గదా. వాళ్లలో ఎవరైనా దారి తప్పి ఈ వీధికి వస్తే చదువుతారు."

"దారి తప్పుతారా?"

"నేను మూడుసార్లు తప్పినాను గదా వాళ్ల ఊళ్లో. వాళ్లూ తప్పుతారు."

అత్త తల ఊపింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని ఇంటి వైపు నాలుగడుగులు వేసి, మళ్లీ ఆగింది.

"అట్లా ఎవరైనా వచ్చినారంటే నాకు చెప్పు. డ్రైవరుకు కాఫీ ఇయ్యాల."